హనుమంతనగర్ డ్రాయింగ్ క్లాసు, దేవుణ్ణి వేయమన్న శనివారం

నేను దేవుడి క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో ఆఫ్‌సెట్ మెషీన్ మీద పనిచేస్తాను. మాది హిందూపురం. బెంగళూరు వచ్చి పదహారేళ్లయింది. మా ప్రెస్సు సుల్తాన్‌పేట దగ్గర. దసరా వెళ్లిందంటే సంక్రాంతి దాకా మాకు ఊపిరాడదు. రోజూ వేలకొద్దీ లక్ష్ములు, వెంకటేశ్వర స్వాములు, సుబ్రహ్మణ్య స్వాములు నా చేతుల మీదుగా కట్టలు కట్టి బయటికి పోతుంటారు. నేను రాయబోయేది మా అమ్మాయి వెళ్తున్న డ్రాయింగ్ క్లాసు గురించే. కానీ నా పనేమిటో ముందు తెలియకపోతే అక్కడ నేను చూసింది మీకు సగమే అర్థమవుతుంది.

క్లాసు హనుమంతనగర్‌లో, రామాంజనేయ గుడ్డ అనే కొండ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ఇంటి రెండో అంతస్తులో ఉంది. స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ నడుపుతారు. పిల్లలంతా ‘మిస్’ అంటారు, నేనూ అలాగే రాస్తాను. కింద ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేర్లు పెట్టడం లేదు. శని, ఆదివారాలు పొద్దున పది నుంచి పన్నెండు. నెలకు 1,800 రూపాయలు, కాగితం, రంగులు వాళ్లవే. బ్యాచ్‌లో పద్నాలుగు మంది, అయిదేళ్ల వాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా కలిపే కూర్చోబెడతారు. మొదట్లో నాకిది నచ్చలేదు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూసి కాపీ కొడతారేమో అనిపించింది. ఎనిమిది నెలల్లో ఆ భయం పోయింది. కిటికీలు పెద్దవి, వెలుతురు బాగా వస్తుంది. బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది. మెట్లకు మాత్రం పట్టుకోవడానికి కమ్మీ లేదు. అయిదేళ్ల పిల్లల్ని పైకి తీసుకెళ్లేటప్పుడు చెయ్యి వదలకండి. మిస్‌కు రెండుసార్లు చెప్పాను, ఇంటి ఓనరుతో మాట్లాడతానంటూనే ఉన్నారు.

ఇంతకుముందు పాపను మా ఇంటి దగ్గరే వేరే క్లాసుకు పంపాం. అక్కడ బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరి చెట్టు వేసేవారు. పిల్లలంతా అదే దించాలి. నాలుగు నెలల్లో మా పాప నలభై గుడిసెలు వేసింది. మా వీధిలో గుడిసె ఒక్కటీ లేదు. హిందూపురంలో మా అమ్మ ఇల్లు కూడా మిద్దే. అలా దించడం వల్ల చెయ్యి కుదురుతుందని కొందరంటారు. కుదురుతుందేమో. ఆరేళ్ల పిల్లకు చెయ్యి కుదరడం ముఖ్యమా, కళ్లతో చూసింది కాగితం మీద పెట్టే ధైర్యం ముఖ్యమా అంటే నేను రెండోదే అంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. కార్తీక మాసంలో మిస్ తల్లిదండ్రులందరినీ పిలిచి, వచ్చే శనివారం పిల్లలచేత దేవుణ్ణి వేయిస్తానన్నారు. చాలామందికి టెన్షన్ పట్టుకుంది. ‘ఏ దేవుణ్ణండీ?’ అన్నారొకరు. ‘తప్పుగా వేస్తే పాపం కదా’ అంది ఒక పెద్దావిడ. ‘ఇంట్లో పూజ చేయని వాళ్లేం వేస్తారు?’ అని ఒకాయన అడిగాడు. మిస్ ఎవరినీ కసురుకోలేదు. ఇది తన సరదా కాదని, ప్రపంచంలో చాలాచోట్ల పిల్లలచేత ఇలా వేయించి చూశారని నిదానంగా చెప్పారు.

ఎర్నెస్ట్ హార్మ్స్ అనే ఆయన వేలమంది పిల్లలు వేసిన దేవుడి బొమ్మలు చూసి 1944లో ఒక వ్యాసం రాశాడట. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు దేవుణ్ణి కథల్లో రాజులాగా, మబ్బుల మీద ఇల్లు కట్టుకున్నవాడిలాగా వేస్తారు. ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్లు దేవుణ్ణి మనిషిగా, తాము చూసిన గుర్తులతో వేస్తారు. ఆ వయసు దాటాక ఎవరి దారి వారిదే, ఒకరి బొమ్మ ఒకరి బొమ్మతో కలవదు. స్విట్జర్లాండ్‌లో లోజాన్ యూనివర్సిటీలో పియర్-ఈవ్ బ్రాంట్ అనే ప్రొఫెసర్ బృందం జపాన్, రష్యా, రుమేనియా, ఇరాన్, నేపాల్ లాంటి దేశాల పిల్లలచేత వేయించిన వేల బొమ్మలను పోగుచేసిందట. రష్యాలోనే బౌద్ధ సంప్రదాయం ఉన్న బురియాతియా ప్రాంతపు పిల్లల బొమ్మలు కూడా అందులో ఉన్నాయట. వాళ్లు పిల్లల్ని అడిగే పద్ధతి కూడా మిస్ చెప్పారు. దేవుడు అనే మాట ఎప్పుడైనా విన్నావా? కళ్లు మూసుకొని ఊహించుకో. ఇప్పుడు వెయ్యి. అంతే. ఏ దేవుడు, ఎన్ని చేతులు, పక్కన ఎవరు, ఏదీ చెప్పరు.

ఇంకొక సంగతి విని నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. జర్మనీలో హెల్ముట్ హానిష్ అనే ఆయన ఏడు నుంచి పదహారేళ్ల పిల్లల బొమ్మలు పోల్చి 1996లో ప్రచురించాడు. పడమటి వైపు మతపాఠాలు వింటూ పెరిగిన పిల్లలు ఒక గుంపు, ఒకప్పటి తూర్పు జర్మనీలో ఆ పాఠాలేవీ లేకుండా పెరిగిన పిల్లలు ఇంకొక గుంపు. దేవుడి గురించి వినని పిల్లల్లో సుమారు 87 శాతం మంది దేవుణ్ణి మనిషి రూపంలో వేశారు. వింటూ పెరిగిన వాళ్లలో అలా వేసినవాళ్లు సుమారు 58 శాతమే. వయసు పెరిగే కొద్దీ వాళ్లు వెలుగుకో చేతికో ఇంకో గుర్తుకో మారిపోయారు. నేను దీనికి తలకిందులుగా అనుకునేవాణ్ణి. దేవుడి గురించి ఎంత ఎక్కువ చెబితే రూపం అంత గట్టిగా మనసులో పడుతుందని కదా మా క్యాలెండర్ల వ్యాపారమంతా.

మా బ్యాచ్‌లో ఎనిమిదేళ్ల ముస్లిం అబ్బాయి ఒకడున్నాడు. మీటింగ్ అయ్యాక వాళ్లమ్మ మిస్ దగ్గరికి వెళ్లి, మాలో అల్లాకు రూపం వేయకూడదు మేడమ్ అంది. నేను చెప్పులు వేసుకుంటూ విన్నాను. మిస్ అన్నారు, ‘రూపం వేయమని నేననను అమ్మా. దేవుడు అంటే నీకేం గుర్తొస్తుందో అది వెయ్యి అంటాను. అదీ ఇష్టం లేకపోతే ఆ రెండు గంటలు నాకు రంగులు కలిపిపెడతాడు’ అని. ఆ తల్లి ముఖం తేలికపడింది. ఈ ఒక్క మాటకే నేను ఈ క్లాసుకు మంచి మార్కులు వేస్తాను. అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలంటే ముందు ఎవరికి ఏది కుదరదో కనుక్కోవాలి.

శనివారం మా మెషీన్ రోలర్ పాడై పని ఆగింది. అందుకని నేనే పాపను తీసుకెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. తల్లిదండ్రులు కూర్చోవచ్చు, మాట్లాడకూడదు, అది అక్కడి రూలు. మిస్ పిల్లల్ని దూరదూరంగా కూర్చోబెట్టారు. ఫోన్లు బయట పెట్టించారు. గోడ మీదున్న క్యాలెండర్‌ను కూడా వెనక్కి తిప్పారు. అది మేం అచ్చువేసినదే, కిందటి ఏడాది నేనే ఇచ్చాను. ఆవిడ దాన్ని తిప్పుతుంటే మనసులో చివుక్కుమంది. కాసేపటికి ఎందుకో అర్థమైంది.

ఎందుకంటే, తిప్పినా కూడా, తొమ్మిది మంది పిల్లల కాగితాల మీద మా క్యాలెండరే వచ్చింది. తామరపువ్వు, ఎర్రచీర, రెండు చేతుల్లో పువ్వులు, ఒక చెయ్యి పైకి, ఇంకొక చేతి నుంచి రాలే నాణాలు. ఒకమ్మాయి నాణాలను గుండ్రంగా వేసి వాటిలో పది రూపాయలని రాసింది. తిరుమల స్వామిని వేసిన వాళ్లు మొదట నామం వేసి తర్వాత దాని చుట్టూ ముఖం వేశారు. నాకు గర్వంగానే ఉంది, అబద్ధం చెప్పను. ఆ రూపాలన్నీ ఇంటింటికీ వెళ్లడానికి మాలాంటి వాళ్ల చేతులు పడ్డాయి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్సు, అంటే రాతి పలకల మీంచి అచ్చువేసే ప్రెస్సు పెట్టాడు, తర్వాత దాన్ని లోనావాలా దగ్గర మళవ్లికి మార్చారు. అప్పుడు రంగుకొక రాయి. ఒక్క లక్ష్మీదేవి బొమ్మకు ఎన్ని రాళ్లు అరగదీసి ఉంటారో తలుచుకుంటే మా పని ఎంత సులువో అనిపిస్తుంది. గుడి గడప దాటనివ్వని వాళ్ల ఇంటి గోడ మీదికి కూడా దేవుడు ఆ కాగితం మీదే వచ్చాడు. కాబట్టి క్యాలెండర్ దేవుణ్ణి వేసిన పిల్లలు ఊహ లేనివాళ్లని నేను ఒప్పుకోను. పొద్దున లేవగానే ఎదురుగా కనిపించే ముఖాన్ని వేశారు.

మిగిలిన అయిదుగురి బొమ్మలు వేరు.

ఒక క్రిస్టియన్ అమ్మాయి మేరీమాతను చీరకట్టులో వేసింది. కుచ్చిళ్లు, పైట, అంచు, అన్నీ ఉన్నాయి. శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాలో మాతకు చీరే కడతారు. సెప్టెంబరు 8 పండగకు అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ పాపకు తెలిసిన దేవుడి తల్లి చీరే కడుతుంది మరి. ముస్లిం అబ్బాయి తెల్లవారుజాము వేశాడు. ఆకాశం సగం నలుపు, సగం నారింజ. కింద నల్లా దగ్గర ఒక ముసలాయన వంగి కాళ్లు కడుక్కుంటున్నాడు. ‘ఎవరు నాన్నా ఇది?’ అని మిస్ అడిగితే ‘మా తాత, నమాజుకు లేచాడు’ అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు, మిస్ కూడా ఏమీ అడగలేదు. పన్నెండేళ్ల అబ్బాయి, వాళ్ల నాన్నకు కే.ఆర్. మార్కెట్లో పూల కొట్టుంది, ఒక్క తక్కెడ మాత్రం వేశాడు. ఒక పళ్లెంలో పూలు, రెండో పళ్లెం ఖాళీ, అయినా ముల్లు నిటారుగా ఉంది. హార్మ్స్ చెప్పిన మూడో మెట్టు అదేనని మిస్ తర్వాత అన్నారు. మెట్టు సంగతి నాకు తెలియదు. ఆ ఖాళీ పళ్లెంలో ఏముందో నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

నాలుగోవాడు బసవనగుడి వైపు నుంచి వచ్చే కన్నడ అబ్బాయి, ఏడేళ్లుంటాయి. వాడి కాగితం తెల్లగా ఉంది. గంట గడిచింది, ఇంకా తెల్లగానే ఉంది. కానీ వాడు వంచిన తల ఎత్తకుండా వేస్తూనే ఉన్నాడు. అసిస్టెంట్ అమ్మాయి వచ్చి, ఏమీ వేయలేదేంటి, టైమైపోతోంది అంది. వాడు తెల్ల క్రేయాన్ చూపించాడు. తెల్ల కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో వేస్తున్నాడు. ఆ అమ్మాయి వేరే రంగు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ‘గణపప్ప బిళి’ అన్నాడు. అంటే తెల్లగా ఉంటాడని. నాకు అప్పుడు తట్టింది. బసవనగుడిలో దొడ్డ గణపతికి వెన్నతో అలంకారం చేస్తారు. అంత పెద్ద నల్లరాతి విగ్రహం నిండా వెన్న పూస్తే రాయి ఎక్కడా కనిపించదు. వాడు చూసిన దేవుడు అదే.

మిస్ వచ్చారు. కాగితాన్ని కిటికీ వైపు ఏటవాలుగా ఎత్తి చూశారు. మైనం తగిలిన చోట కాస్త మెరుపు ఉంది. ఒక వెడల్పు బ్రష్ తెచ్చి, గిన్నెలో ఇండిగో నీళ్ల రంగు పల్చగా కలిపి, వాడి చేతికే ఇచ్చారు. ‘పైనుంచి కిందికి, మెల్లగా’ అన్నారు. వాడు బ్రష్ లాగాడు. క్రేయాన్ మైనం కదా, నీళ్ల రంగు దానికి అంటదు. మొదట ఒక చెవి తెల్లగా బయటపడింది. తర్వాత తొండం. తర్వాత పొట్ట, అది కాగితం అంచుల దాకా ఉంది. చుట్టూ అంతా నీలం, మధ్యలో తెల్లటి గణపతి. రంగు సొట్టల్లో ఆగిన చోట చిన్నచిన్న నీలం చుక్కలు మిగిలాయి, వెన్న మీద వేళ్ల గుర్తుల్లాగా. గదిలో పిల్లలంతా లేచి వచ్చి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. వాడు రెండోసారి బ్రష్ ముంచబోతే ‘చాలు’ అన్నారు మిస్.

మా పనిలో తెలుపుకు ఇంకు ఉండదు. సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్, ఆ నాలుగే. స్వామి నామంలో తెలుపు, అమ్మవారి కంటి తెలుపు, ముత్యాల హారం, ఇదంతా మేం ఏమీ అచ్చువేయకుండా వదిలేసిన కాగితమే. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనిని ఏడేళ్ల పిల్లవాడు నాకు ఎదురుగా చేసి చూపించినట్టయింది. ఆరోజు నేను ప్రెస్సుకు ఫోన్ చేసి రోలర్ సంగతి కూడా అడగలేదు.

అయిదో కాగితం మా పాపది. ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది.

నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ అంచు పక్కన ఎర్ర నీడో నీలి నీడో పడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పడం అంటాం. మెషీన్ సెట్టయ్యే దాకా మొదట వచ్చే షీట్లన్నీ అలాంటివే, వేస్ట్ కింద పోతాయి. దేవుడి బొమ్మలున్న కాగితాలు కాళ్ల కింద పడకూడదని నేను కొన్ని ఇంటికి తెచ్చి జాగ్రత్తగా పెడతాను. వెనక వైపు ఖాళీగా ఉంటుంది కాబట్టి పాప మూడేళ్ల వయసు నుంచీ వాటి మీదే బొమ్మలు వేస్తోంది. అంటే మా ఇంట్లో దేవుళ్లందరికీ రెండేసి అంచులు. నాకు ఎప్పుడూ అది తప్పుగానే కనిపించేది, లూపు అనే భూతద్దం పెట్టి చూసి సరిచేయడం నా ఉద్యోగం కాబట్టి. పాపకు అది తప్పని ఎవరూ చెప్పలేదు.

పాప ఆరోజు ఒక అమ్మవారిని వేసింది. ఒళ్లంతా పసుపు. ముఖం చుట్టూ ఎర్ర గీత, దానికి ఒక బియ్యపు గింజంత పక్కగా నీలం గీత. చేతుల చుట్టూ అంతే, చీర చుట్టూ అంతే. ఎంత ఓపికగా వేసిందంటే ఎర్ర గీత ఎటు తిరిగితే నీలం గీత అటే తిరిగింది, ఎక్కడా కలవలేదు. దూరం నుంచి చూస్తే అమ్మవారు కదులుతున్నట్టుంది. నేను వెనక బెంచీ మీద నుంచి చూసి గొంతు పట్టుకుపోయి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే బయట పెట్టిన నా ఫోన్ మోగితే వెళ్లాను. తిరిగొచ్చేసరికి అసిస్టెంట్ అమ్మాయి నల్ల స్కెచ్ పెన్నుతో ఆ రెండు గీతల మధ్య ఒకే మందపు అంచు వేసేసింది. తల మీద ఒక కిరీటం కూడా పెట్టింది. ‘ఇప్పుడు నీట్‌గా ఉంది చూడు’ అని పాపకు చూపిస్తోంది.

పాప ఏడవలేదు. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు అంది, ‘నాన్నా, దేవుడికి రెండు అంచులు ఉంటాయి కదా, ఒకటి ఇక్కడ ఉండటానికి, ఒకటి వేరే చోట ఉండటానికి.’ నేను ఏం చెప్పను? ప్రహ్లాదుడు స్తంభం చూపించినప్పుడు ఆయన కూడా చిన్నపిల్లవాడే. పెద్దవాళ్లు నమ్మలేదు. అవునమ్మా అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు.

మర్నాడు మిస్‌ను కలిసి చెప్పాను. గొంతు కొంచెం పెరిగిందనే అనుకుంటున్నాను. ఆవిడ వాదించలేదు. ఆ కాగితం తెప్పించి చూసి, పాపను పిలిచి, ‘నీ బొమ్మ మీద మేం గీశాం, తప్పు మాది’ అన్నారు. ఆరేళ్ల పిల్లకు ఒక పెద్దావిడ అలా చెప్పడం నేను ఎక్కడా చూడలేదు. అసిస్టెంట్‌కు కూడా అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పారు. ఆ అమ్మాయి మంచిదే, అందంగా చేయాలన్న తొందర ఎక్కువ. ఆ తర్వాత నుంచి అక్కడ ఒక కొత్త రూలు వచ్చింది. పిల్లల కాగితం మీద పెద్దవాళ్ల పెన్ను పడకూడదు. ఏదైనా చూపించాలంటే పక్కన వేరే కాగితం మీద వేసి చూపించాలి. ఈ మూడు నెలల్లో ఆ రూలు తప్పడం నేను చూడలేదు. అయినా జరిగింది జరిగింది, చేరే ముందు మీరు కూడా ఈ మాట అడిగి తెలుసుకోండి. ఏ క్లాసులోనైనా అడగండి.

మిస్ మీటింగ్‌లో చెప్పిన ఇంకొక విషయం మేం ఇంట్లో చేసి చూశాం. జస్టిన్ బారెట్ అనే ఆయన, ఇంకొందరు కలిసి 2001లో అమెరికాలో చిన్నపిల్లలకు బిస్కెట్ల డబ్బా చూపించి, తెరిస్తే లోపల రాళ్లున్నట్టు చూపించారట. డబ్బా మూసేసి, ‘దీన్ని చూస్తే మీ అమ్మ లోపల ఏముందనుకుంటుంది?’ అని అడిగితే, అయిదారేళ్ల పిల్లలు ‘బిస్కెట్లనుకుంటుంది’ అన్నారు. ‘దేవుడు ఏమనుకుంటాడు?’ అంటే ‘రాళ్లని తెలుసు’ అన్నారు. మా ఇంట్లో బిస్కెట్ డబ్బాలో సూదీ దారాలే ఉంటాయి, అందరిళ్లలోలాగే. పండక్కి మా అమ్మ వచ్చే ముందు పాపను అడిగాను. ‘అవ్వ చూస్తే ఏముందనుకుంటుంది?’ ‘బిస్కెట్లు.’ ‘దేవుడు?’ పాప నన్ను జాలిగా చూసింది. ‘అమ్మ దారాలు పెట్టేటప్పుడే చూశాడు కదా నాన్నా.’ అమెరికా పిల్లలూ హనుమంతనగర్ పిల్లలూ కలిసి ఆడుకునేవాళ్లు కారు, ఒకే గుడికి వెళ్లేవాళ్లూ కారు. జవాబు మాత్రం ఒకే చోటికి వచ్చింది. అది విన్న రోజు నుంచి నేను పాప ముందు చిన్న అబద్ధం చెప్పాలన్నా వెనకాడుతున్నాను.

పాప అమ్మవారిని మళ్లీ వేసింది, మిస్ ఇచ్చిన కొత్త కాగితం మీద. ఈసారి మూడు అంచులు. మూడోది ఆకుపచ్చ. ఎందుకని నేను అడగలేదు. రెండు కాగితాలూ మా పటాల గూట్లో ఉన్నాయి. శుక్రవారం మా ఆవిడ రెండింటికీ కుంకుమ పెడుతుంది, నల్ల అంచు పడినదానికి కూడా. అది కూడా పాప చేతి అమ్మవారేగా.

ఇక వెళ్లాలనుకునే వాళ్లకు. బండి పెట్టుకోవడానికి ఇంటి ముందు చోటు లేదు, పక్క వీధిలో పెట్టి నడవాలి. పాత చొక్కా వేసి పంపండి, ఇండిగో మరక ఉతికినా పోదు. మూడు నెలలకోసారి బొమ్మలు గోడకు పెడతారు, ఆ రోజుకు 300 విడిగా తీసుకుంటారు. అది ఫీజులోనే కలిపితే బాగుంటుంది, మిస్‌కు ఈ మాట కూడా చెప్పాను. ఇంటికి ఇవ్వాల్సిన కాగితాలు ఒక్కోసారి నెల దాటినా ఇవ్వరు, గుర్తుచేయాలి. పోటీల్లో ప్రైజులు రావాలనుకుంటే ఇది ఆ చోటు కాదు, ఆవిడ ఏ పోటీకీ తయారుచేయరు. ఇద్దరు పిల్లలుంటే రెండో వాళ్లకు సగం ఫీజే. పూజలున్న ఇంటి పిల్లలు, లేని ఇంటి పిల్లలు, ఎవరైనా వెళ్లొచ్చు.

దేవుణ్ణి వేసే రోజు మళ్లీ వచ్చే కార్తీకంలో పెడతారు. దానికి ముందు మాత్రం ఇంట్లో ప్రాక్టీసు చేయించకండి. మా పక్కింటాయన చేయించాడు. వాళ్లబ్బాయి వారమంతా ఫోన్లో చూసి ఆంజనేయస్వామిని ఆరుసార్లు దించాడట. క్లాసులో పదిహేను నిమిషాల్లో వేసేసి, గద, కిరీటం, గుండెలో సీతారాములు, అన్నీ సరిగ్గా పెట్టేసి, చేతులు కట్టుకొని కూర్చున్నాడు. మా క్యాలెండర్ ఆంజనేయుడే, ఆ తొమ్మిదిమందిలో వాడూ ఒకడు. మిస్ చూసి బాగుందన్నారు, వాడి పక్కన ఇంకొక ఖాళీ కాగితం పెట్టి వెళ్లిపోయారు. వాడు చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మొదటి కాగితం మీద తోక ఆగిపోయిన చోట రెండో కాగితాన్ని ఆనించి, అక్కడి నుంచి తోక వేయడం మొదలుపెట్టాడు. అది అడ్డంగా వెళ్లి, పైకి తిరిగి, మళ్లీ అంచు దాటింది. పన్నెండైంది. వాళ్ల నాన్న కింద నుంచి హారన్ కొడుతున్నాడు. వాడు మిస్ దగ్గరికి పరుగెత్తి, మూడో కాగితం, ఇంకొంచెం గమ్ కావాలని అడిగాడు.